శరత్కాలపు స్కోనులు



క్రొత్తపంట యింటికి వచ్చినపుడు ఆ పంటతోడనే యొక పిండివంట చేసి పదిమందికి బెట్టుట పలుదేశముల గృహిణులకు ఆచారము. మనకు సంక్రాంతినాటి యరిసె యట్టిది. బ్రిటనుదేశమున సెప్టెంబరు మొదలు నవంబరు వఱకు శరత్కాలము. ఆపిలుపండ్లును, బేరిపండ్లును, ప్లమ్ములును, ముండ్లకంచెలపై నల్లగా నిగనిగలాడు బ్లాక్‌బెర్రీలును ఆ దినములలో విరివిగా లభించును. చెట్టుక్రింద రాలి దెబ్బతిన్న పండు నిలువ యుండదు. దానిని వ్యర్థము కానీయక, దాల్చినచెక్క, జాజికాయ, శొంఠి మొదలగు సుగంధద్రవ్యములు చేర్చి, పిండిలో కలిపి కాల్చు చిన్నరొట్టెలలో స్కోను మిక్కిలి సులభమైనది. వస్తువులన్నియు సిద్ధముగా నున్నచో అరగంటలో పని ముగియును.

పెద్ద హోటళ్లలో తేనీటివేళ వెండిపళ్లెరములలో మీగడతోను, పండ్లపాకముతోను వడ్డించుచున్నందున ఇది ధనికుల వంటకమని పలువురు తలంతురు. నిజమునకు ఇది రొట్టెలు కాల్చు ఓవెను లేని బీదయింట పుట్టినది. దీని చరిత్రమును పరిశీలించినచో అడుగడుగునను ఒక స్త్రీ చేయి కనబడును. ఆ స్త్రీ పేరు మాత్రము తఱచుగా కనబడదు. ఆ వృత్తాంతమును కొంత చెప్పి, పిమ్మట చేయు విధమును వివరించెదను.

పెనముమీద పుట్టిన రొట్టె

స్కోను పుట్టినిల్లు స్కాట్లండుదేశము. అచ్చటివారు దీనిని ‘స్కాన్’ అని పలుకుదురు. ఇంగ్లండులో కొందఱు ‘స్కాన్’ అనియు, కొందఱు ‘స్కోన్’ అనియు పలికి, తమ పలుకుబడియే సరియైనదని నేటికిని వాదించుకొనుచుందురు. గావిన్ డగ్లస్ అను స్కాట్లండు కవి వర్జిల్ మహాకవి రచించిన ‘ఈనియడ్’ అను లాటినుకావ్యమును 1513వ సంవత్సరమున తన దేశభాషలోనికి మార్చెను. ఈ మాట వ్రాతలో మొట్టమొదట కనబడినది ఆ గ్రంథముననే యని నిఘంటుకారులు చెప్పుదురు.

చలియు వానయు మిక్కుటమైన ఆ కొండనేలలలో గోధుమ చక్కగా పండదు. ఓట్లు, బార్లీ అను ధాన్యములే సామాన్యుల యాహారము. ఇంటి నడుమ పొయ్యి, దానిపై గొలుసుతో వ్రేలాడదీసిన గుండ్రని యినుపపెనము – ఇదియే వంటయింటి సామగ్రి. ఆ పెనమునకు ‘గర్డిల్’ అని పేరు. మన అట్లపెనమునకును దానికిని ముఖ్యమైన భేద మొక్కటే: దానికి పైకి వంచిన పిడి యుండును. పిండిని వెడల్పుగా తట్టి పెనముపై వైచి, నాలుగు ముక్కలుగా కోసి, ఇరుప్రక్కల కాల్చెడివారు. ఓవెనులో పొంగించు స్కోను తరువాతివచ్చినది. కావున పెనముమీద రొట్టె కాల్చుటయందు చేయి తిరిగిన మన స్త్రీలకు స్కోను పరాయివంట కాదు.

ఈ పెనపురొట్టె రాజభవనమునకును ఎక్కినది. 1959వ సంవత్సరమున అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరు స్కాట్లండులోని బాల్మోరల్ భవనమునకు అతిథిగా పోయెను. పిండిని జారుగా కలిపి గరిటెతో పెనముమీద వేయు ‘డ్రాప్ స్కోను’లు ఆయనకు రుచించెను. ఎలిజబెత్ రాణి 1960 జనవరి 24వ తేదీన ఆయనకు జాబు వ్రాయుచు, పదునాఱుగురికి సరిపడు కొలతలను దానితో జతచేసి పంపెను. ఆ జాబు అమెరికా ప్రభుత్వపు దస్తరములలో భద్రముగా నున్నది. రాణిగారి కొలత చరిత్రకెక్కినది. ఆ వంటను తరతరములుగా కాపాడి యామె వఱకు తెచ్చిన గుడిసెలలోని యిల్లాండ్ర పేళ్లు ఎచ్చటను లేవు.

పంటపండుగనాటి రొట్టె

స్కాట్లండునకు పడమట సముద్రములో హెబ్రిడీసు ద్వీపములున్నవి. అచ్చట సెప్టెంబరు 29వ తేదీన మైకేలుదేవదూత పండుగ జరిపెడివారు. ముందటిరాత్రి ‘స్ట్రూవన్’ అను పెద్దరొట్టెను కాల్చుట వాడుక. ఆ సంవత్సరము పొలములో ఏయే ధాన్యములు పండినవో వానినన్నిటిని పిండిచేసి ఆ రొట్టెలో కలుపవలెను. తల్లి దగ్గఱ నిలిచి చెప్పుచుండ, పెద్దకూతురు దానిని చేయును, చెల్లెండ్రు సాయపడుదురు. గ్రుడ్లు, మీగడ, వెన్న కలిపిన చిక్కని జావను దానిపై పూయుచు కాల్తురు. పెద్దరొట్టెతోపాటు పిల్లలకు చిన్నచిన్న రొట్టెలును చేసి, వానిలో అడవిలో ఏరితెచ్చిన నల్లపండ్లును, జీలకఱ్ఱను పోలిన కారవే గింజలును, పుట్టతేనెయు చేర్తురు. శరత్కాలపు పండును, సుగంధద్రవ్యమును, పిండిని ఏకము చేయు వంట అక్కడి గుడిసెలలో ఎంతకాలముగా నున్నదో దీనివలన తెలియగలదు.

ఈ యాచారము మనకు తెలియుటకు కారణ మేమనగా, అలెగ్జాండరు కార్మైకేలు అను నొక ప్రభుత్వోద్యోగి ఆ ద్వీపములలో ఏండ్లతరబడి తిరిగి, ముసలివారు చెప్పిన సంగతులను ఓపికతో విని వ్రాసికొని, 1900వ సంవత్సరమున ‘కార్మినా గాడెలికా’ అను గ్రంథముగా ప్రకటించెను. అప్పటికే ఆ యాచారములు అంతరించుచుండెను. ఆయన వినకున్నచో ఆ తల్లులు కూతుండ్రకు నేర్పిన విద్యలో మనకు దక్కినపాటియు దక్కకపోయెడిది.

భార్యకొఱకు చేసిన పొడి

పూర్వపు స్కోను పలుచనిది. దానిని పొంగించిన ఘనత రసాయనశాస్త్రమునకు చెందును. వంటసోడా పుల్లని పదార్థముతో కలిసినపుడు బొగ్గుపులుసువాయువు పుట్టును. ఆ వాయువు పిండిలో చిక్కుకొని, వేడికి వ్యాకోచించి, రొట్టెను గుల్లగా చేయును. అందుచేత సోడా వాడుకలోనికి వచ్చిన పిమ్మట స్కాట్లండు గృహిణులు చిలికిన మజ్జిగతో పిండి కలుప నారంభించిరి. మజ్జిగ పులుపే సోడాకు తోడు.

బర్మింగుహాము నగరమున ఆల్‌ఫ్రెడు బర్డు అను మందులవర్తకు డుండెడివాడు. ఆయన భార్య ఎలిజబెత్తునకు గ్రుడ్లు సరిపడవు. ఈస్టుతో పులియబెట్టిన రొట్టెయు సరిపడదు. ఆమె తినదగిన వస్తువులు చేయవలెనని ఆయన పరిశ్రమించి, 1837లో గ్రుడ్లు లేని కస్టర్డుపొడిని, 1843లో ఈస్టుతో పనిలేని బేకింగు పౌడరును సిద్ధపఱచెను. క్రిమియాయుద్ధకాలమున సైనికుల రొట్టెలకును ఆ పొడి ఉపయోగపడెను. ఒక యింటి యిల్లాలి యనారోగ్యము లోకమున కింత ఉపకారమైనది. గ్రుడ్డు ముట్టని మన కుటుంబములవారు ఈ సంగతిని ముఖ్యముగా గుర్తింపవలెను. మంచి స్కోనుకు గ్రుడ్డు అవసరమే లేదు.

బాలిక నాటిన విత్తు

ఇక పండు సంగతి. ఇంగ్లండులో వంటకు వాడు ఆపిళ్లలో ‘బ్రామ్లీ’ యను పుల్లని ఆపిలు మిక్కిలి ప్రసిద్ధము. 1809వ సంవత్సరమున నాటింగుహాముషైరులోని సౌత్‌వెల్ అను ఊర మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డు అను బాలిక తన యింటితోటలో ఆపిలుగింజలు నాటెను. వానిలో నొకటి మ్రానై కాచెను. 1846లో మాథ్యూ బ్రామ్లీ యను మాంసవర్తకుడు ఆ యిల్లు కొనెను. 1856లో హెన్రీ మెఱీవెదరు అను తోటమాలి యువకుడు ఆ పండు రుచికి ఆశ్చర్యపడి, అంట్లకు కొమ్మలు కోసికొందునని యడుగగా, ఆ వర్తకుడు పండునకు తన పేరు పెట్టవలెనను నియమముతో నంగీకరించెను. ఆ విధముగా విత్తు నాటిన చేయి మఱుగుపడి, ఇల్లు కొన్నవాని పేరు దేశమంతట వ్యాపించెను. 1900వ సంవత్సరపు గాలివానకు ఆ చెట్టు నేలకొఱిగియు, మరల వేళ్లూని చిగిర్చి బ్రతికినది. మేరీ ఆన్ పేరును నేడు ఆ చెట్టు చరిత్రతోపాటు చెప్పుకొనుచున్నారనుట మనకు సంతోషకరము.

రాలిన పండ్లను రక్షించుట

రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటనులో 1940 జనవరి మొదలుగా వెన్న, పంచదారలకు కంట్రోలు ఏర్పడెను. ఆ సంవత్సరము పండ్లు విస్తారముగా కాచినవి. పంచదార లేనిచో అవి నేలపాలు కావలసినదే. అప్పుడు ‘విమెన్స్ ఇన్‌స్టిట్యూట్’ అను గ్రామీణ మహిళాసంఘములకు ప్రభుత్వము ప్రత్యేకముగా పంచదార నిచ్చెను. ఈ సంఘములలో మొదటిది 1897లో కెనడాలో పుట్టినది. బ్రిటనులో 1915లో వేల్సుదేశపు గ్రామ మొకదానిలో వెలసినది. సభ్యురాండ్రు ఊరిమందిరములలోను, వంటయిండ్లలోను పొయ్యిలు పెట్టి పండ్లను పాకము పట్టిరి. 1940 మొదలు 1945 వఱకు వారు రక్షించిన పండ్లు ఐదువేల టన్నులకు మించినవి. కంట్రోళ్లు 1954 జూలై 4వ తేదీ వఱకు పూర్తిగా తొలగలేదు. అన్ని యేండ్లును వెన్న, చక్కెర కొఱతగా నున్న యింట ఆపిలుముక్కయొక్క సహజమైన తీపియే స్కోనుకు ఆధారమయ్యెను.

కావలసిన వస్తువులు

ఎనిమిది స్కోనులకు ఈ క్రింది కొలతలు చాలును.

మైదాపిండి 225 గ్రాములు, బేకింగు పౌడరు తల గొట్టిన చిన్నచెంచాలు 3, ఉప్పు పావుచెంచా, వెన్న 50 గ్రాములు, పంచదార 40 గ్రాములు, దాల్చినచెక్క పొడి ఒక చెంచా, శొంఠిపొడి అరచెంచా, అఱగదీసిన జాజికాయ చిటికెడు, రెండు లవంగముల పొడి, చెక్కును గింజలును తీసిన ఆపిలుముక్కలు 120 గ్రాములు, ఎండుద్రాక్ష 50 గ్రాములు, చల్లని పాలు సుమారు 100 మిల్లీలీటర్లు.

మన బజారులకు హిమాచలప్రదేశము, కాశ్మీరముల నుండి శరత్కాలమున వచ్చు ఆపిళ్లు పచ్చిగా తినదగిన తీపిపండ్లు. బ్రామ్లీవలె పుల్లనివి కావు. కావున ముక్కలపై అరచెంచా నిమ్మరసము పిండి, పంచదారను 30 గ్రాములకు తగ్గింపవలెను. పాలకు బదులు మజ్జిగ వాడువారు బేకింగు పౌడరును రెండు చెంచాలకు తగ్గించి, పావుచెంచా వంటసోడా చేర్పవలెను.

చేయు విధము

మొదట ఓవెనును 220 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి తేవలెను. పిండి కలిపిన పిదప ఓవెను వెలిగించుట తగదు. తడి తగిలినది మొదలు బేకింగు పౌడరు పని చేయ నారంభించును. జాగు చేసినకొలది వాయువు తప్పించుకొనిపోవును.

మైదా, బేకింగు పౌడరు, ఉప్పు, సుగంధద్రవ్యముల పొడులను కలిపి రెండుమాఱులు జల్లింపవలెను. చల్లని గట్టివెన్నను చిన్నముక్కలుగా కోసి పిండిలో వేసి, అరచేయి తగులనీయక వ్రేలికొనలతోనే నులుముచు, రొట్టెపొడివలె నగువఱకు కలుపవలెను. ఎండకాలమైనచో వెన్నను ముందుగా చల్లనిచోట నుంచుట మంచిది. వెన్న కరగిపోయినచో రొట్టె గుల్లగా రాదు.

ఆపిలును శనగగింజలంత ముక్కలుగా తఱిగి, ఎండుద్రాక్ష, పంచదారలతోపాటు ఆ పిండిలో పొరలింపవలెను. పిమ్మట నడుమ గుంట చేసి, ముందుగా పాలలో నాలుగింట మూడుపాళ్లు పోయవలెను. పండులోని నీరుకూడ పిండికి తడి యిచ్చును గాన పాలన్నియు ఒకేమాఱు పోయరాదు. చేతితో పిసుకక, మొద్దుకత్తితో త్రిప్పుచు కలిపి, పిండి కూడినంతనే నిలుపవలెను. మనము పూరీపిండిని మర్దించుటకు అలవాటుపడినవారము. స్కోనుపిండికి ఆ మర్దన శత్రువు. గోధుమలోని జిగురు సాగి రొట్టెను బిఱుసుగా చేయును. ముద్ద కొంచెము తడిగా, గరుకుగా కనబడినను భయపడరాదు.

పిండి చల్లిన బల్లపై ముద్ద నుంచి, చేతితో మెల్లగా తట్టి, ఒక అంగుళము మందమున చదును చేయవలెను. అంచు పదునుగల గిన్నెను పిండిలో ముంచి, నిట్టనిలువుగా నొక్కి బిళ్లలు తీయవలెను. గిన్నెను త్రిప్పినచో అంచులు అతుకుకొని రొట్టె ప్రక్కకు వాలి పొంగును. బిళ్లలను దగ్గఱ దగ్గఱగా పళ్లెములో పేర్చి, పైభాగమున మాత్రము పాలు పూసి, 12 నుండి 15 నిమిషములు కాల్పవలెను. పైన బంగారువన్నె వచ్చి, అడుగున తట్టిన బోలుచప్పుడైనచో అది సిద్ధమైనట్లు.

పెనముమీద చేయుట

ఓవెను లేని యింటివారు నిరాశపడ నక్కఱలేదు. పిండిని అరంగుళము మందముగా గుండ్రముగా తట్టి, ఎనిమిది ముక్కలుగా కోయవలెను. మందమైన యినుపపెనమును సన్నసెగపై కాచి, చిటికెడు మైదా చల్లి చూడవలెను. రెండుమూడు నిమిషములలో ఆ పిండి మెల్లగా లేతగోధుమవన్నెకు వచ్చినచో సెగ సరిపోయినట్లు. వెంటనే మాడినచో ఎక్కువైనట్లు. ముక్కలను ఒక్కొక్కప్రక్క ఆఱేడు నిమిషములు కాల్చి, పిదప వానిని అంచులపై నిలిపి ప్రక్కలనుకూడ ఒకింత కాల్పవలెను. ఇదియే స్కోనుయొక్క పూర్వరూపము. దీని రుచి ఓవెనురొట్టె రుచికి తీసిపోదు.

ఇతర ఫలములు

బేరిపండు గట్టిగా నున్నప్పుడే వాడవలెను. మెత్తబడినచో పిండి జారగును. దానికి శొంఠి చక్కగా నొప్పును. బ్లాక్‌బెర్రీలను చివర చేర్చి, నలుగకుండ కలుపవలెను. సోడా ఎక్కువైనచో వాని యెఱుపు నీలిబూడిదవన్నెకు తిరుగును. అది క్షారగుణముచే కలుగు మార్పే కాని పండు చెడినందున కాదు.

భూగోళమున దక్షిణార్ధమందు శరత్తు మార్చి మొదలు మే వఱకు నుండును. ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండునందు గుమ్మడిపండుతో చేయు స్కోను ప్రఖ్యాతి గాంచినది. 1981 మొదలు 1993 వఱకు ఆ దేశపు సెనేటులో సభ్యురాలుగా నుండిన ఫ్లో బ్జెల్కీ పీటర్సను పేరు ఈ గుమ్మడిస్కోనులతో కలిసిపోయినది. మన గుమ్మడితోను దీనిని చేయవచ్చును. గుమ్మడిముక్కలను ఆవిరిపై ఉడికించి, నీరు వార్చి, మెత్తగా మెదిపి, పూర్తిగా చల్లార్చి, ఆపిలునకు బదులు 120 గ్రాములు చేర్పవలెను. పాలు రెండుమూడు పెద్దచెంచాలకు మించి పట్టవు. జాజికాయ దీనికి ముఖ్యము.

దోషములు, కారణములు

స్కోను పొంగనిచో బేకింగు పౌడరు పాతబడినదని యనుమానింపవలెను. ఒక చెంచా పొడిని వేడినీటిలో వేసినపుడు బుసబుస పొంగినచో మంచిది, లేనిచో పాఱవేయవలెను. రొట్టె గట్టిబడినచో పిండి నెక్కువగా పిసికినట్లు. నడుమ పచ్చిగా నున్నచో పండ్లు మితిమీఱినవి, లేదా ముక్కలు పెద్దవైనవి. పసుపుమచ్చలును, సబ్బువాసనయు కలిగినచో సోడా ఎక్కువైనది, లేదా సరిగా జల్లింపబడలేదు. పొంగుటకని సోడా నధికముగా వేయుట రుచికి మాత్రమే కాదు, పిండిలోని బి విటమినుకును హాని. స్కోనును చేసిననాడే తినవలెను. మఱునాటికి మిగిలినచో పెనముపై వెచ్చచేసి వెన్న రాచిన బాగుండును.

తుదిమాట

పై కొలతలను చూచి ఎవ్వరైనను ఈ రొట్టెను చేయవచ్చును. కాని పిండిలో తడి యెంత చాలునో, సెగ యెప్పుడు సరిపడునో కొలతలు సగమే చెప్పగలవు. తక్కినది చేతి యనుభవము. ఆ యనుభవము చెప్పువారును, వినువారును ఉన్నంతవఱకే నిలుచును. హెబ్రిడీసు తల్లి పెద్దకూతునకు చెప్పిన మాట యొకడు వ్రాసికొన్నందున మిగిలినది. అట్లు మిగులనివి ఎన్నియో యుండును.

మన యిండ్లలోను అత్తగారి ఊరుగాయపాళ్లు, అమ్మమ్మ సున్నియుండలపాకము వ్రాతలో లేక వారి చేతులలోనే యున్నవి. కావున చదువరులారా, ఈ శరత్తున స్కోను చేసి చూడుడు. దానికంటె ముందు, మీ యింటి పెద్దలయొద్ద కూర్చుండి, వారి వంట నొక్కదానినైనను కొలతలతో, చేతి కిటుకులతో కాగితముపై వ్రాయుడు. క్రింద వారి పేరును తప్పక వ్రాయుడు.